గట్క కుండలో కెమిస్ట్రీ
(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం)

జొన్నరొట్టె అనే మాట వినగానే మన క్లాసులో సగం మంది "ఏం, షుగరా?" అని అడుగుతారు. మిగతా సగం మందిమి, అంటే మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊళ్ళనుండి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చేవాళ్ళం, ఏమీ అనకుండా ఊరుకుంటాము. మొన్నమొన్నటి దాకా అది మా ఇళ్ళలో చెప్పుకోదగ్గ తిండి కాదు. టిఫిను డబ్బాలో జొన్నరొట్టె ఉంటే మూత సగమే తీసి తినే పిల్లలను నేను చూశాను. ఇప్పుడదే రొట్టె సాయంత్రంపూట సిటీ రోడ్ల పక్కన పొయ్యి పెట్టి కాలుస్తుంటే కార్లు ఆపుకొని నిలబడుతున్నారు. ఈ తలక్రిందులు వ్యవహారం ఎట్లా జరిగింది, అసలు ఆ గింజలో ఏముంది, మా పెద్దలు దాన్ని అన్నిరకాలుగా ఎందుకు వండేవారు అన్నది సైన్సు విద్యార్థిగా నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ వ్యాసం. జొన్నను ఆకాశానికెత్తడానికి మాత్రం కాదు. పాత తిండి కాబట్టి అంతా మంచిదే అనే వాదం నాకు నచ్చదు. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

మొదట నేల గురించి. మా ప్రాంతంలో చెరువు కింద ఉన్న పొలం మాగాణి, మిగిలినదంతా చల్క. శామీర్‌పేట చెరువు పెద్దదే గాని, ఏ చెరువుకైనా ఆయకట్టు ఒక హద్దు వరకే కదా! ఆ హద్దు దాటితే ఎర్రమట్టి, గులకరాయి, వానదేవుడి దయ. మాగాణి కొద్దిమందికి, చల్క ఎక్కువమందికి. కనుక వరి బువ్వ పండుగనాడు, చుట్టం వచ్చిననాడు. మిగిలిన రోజుల్లో జొన్న. ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ క్రితమే మన దేశానికి వచ్చిన ఈ గింజ, నీళ్ళు తక్కువైతే ఆకులు చుట్టుకొని ఆగిపోయి, వాన పడగానే మళ్ళీ పెరుగుతుంది. వరికి అంత ఓపిక లేదు. చల్కలో జొన్న సాళ్ళ మధ్య కంది సాలు వేయడం మా వాళ్ళ అలవాటు. ఆ కంది సాలును గుర్తుంచుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇక వంటలు. గోధుమపిండిని చన్నీళ్ళతో తడిపితే సాగుతుంది. దానిలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వలలాగా అల్లుకొంటుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. చన్నీళ్ళు పోసి జొన్నపిండి కలిపి చూడండి, ఇసుక కలిపినట్టే ఉంటుంది. అందుకే మా నాయనమ్మ ఎసరు మరిగించి పిండిలో పోస్తుంది. సుమారు 70 డిగ్రీలు దాటిన వేడిలో పిండిపదార్థపు రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి జిగురౌతాయి. గ్లూటెన్ చేయవలసిన పనిని ఈ జిగురు కొంతవరకు చేసిపెడుతుంది. అయినా కర్రతో వత్తితే చిట్లుతుంది కనుక అరచేత్తో తట్టవలసిందే. పెనం మీద వేసిన తర్వాత పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దుతారు. పొడిపిండి పోయి పైపొర అతుక్కుంటేనే లోపలి ఆవిరి బయటికి పోకుండా రొట్టె పొంగేది. మనం లాబొరేటరీలో స్టార్చి గురించి చదివేదంతా ఆవిడ చేతిలో ఉంది, పేర్లు మాత్రం తెలియవు.

రొట్టె కంటె గట్క పాతది అని నా అనుమానం. దానికి పెనం కూడా అక్కరలేదు. జొన్నలను కొంచెం తడిపి దంచి, పొట్టు చెరిగి, ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, ఉప్పు వేసిన ఎసట్లో పోసి తెడ్డుతో కలుపుతూ గట్టిగా ఉడికిస్తారు. దానిలోకి సల్ల, లేకుంటే పచ్చిపులుసు, లేకుంటే తొక్కు. ఏదీ లేకుంటే ఉల్లిగడ్డ. పొద్దున తిని పొలానికి పోతే మధ్యాహ్నం దాకా ఆకలి కాదని మావాళ్ళు అనేది ఉత్తమాట కాదు. కాని దానిలో ఒక చిక్కు ఉంది. జొన్నలోని ముఖ్యమైన మాంసకృత్తు పేరు కాఫిరిన్. నీళ్ళలో ఉడికించినప్పుడు కాఫిరిన్ అణువులు గంధకపు బంధాలతో ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి, మన కడుపులోని ఎంజైములకు అంత సులభంగా లొంగవు. అంటే గట్క తిన్నవాడికి గింజలో ఉన్న మాంసకృత్తు అంతా ఒంటికి పట్టదన్న మాట.

అంబలి దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు కొంత విడిపోతుంది. పిండిని నీళ్ళలో కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచుతారు. ఆ కుండను మా ఇంట్లో ఎప్పుడూ తోమి మెరిపించరు, అడుగున కొద్దిగా పులుపు మిగిల్చి దానిలోనే కొత్తపిండి కలుపుతారు. చిన్నప్పుడు నాకది శుభ్రం లేకపోవడంలాగా కనిపించేది. సూక్ష్మజీవ శాస్త్రం చదివినవారికి అది కల్చరును కాపాడుకోవడం అని వెంటనే తెలుస్తుంది. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియాలు రాత్రికి రాత్రే పెరిగి కుండను పులుపెక్కిస్తాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు అంతగా బ్రతకవు. మరొక లాభం ఇంకా పెద్దది. జొన్నలో ఫైటేట్ అనే పదార్థం ఇనుమును, జింకును గట్టిగా పట్టుకొని ఒంటికి దక్కనివ్వదు. పులిసేటప్పుడు ఫైటేజ్ ఎంజైము ఆ ఫైటేటును విడగొడుతుంది. మాంసకృత్తు కూడా కొంత తేలికగా అరుగుతుంది. సూడాన్ దేశంలో కిస్రా అనే పలుచని రొట్టెను జొన్నపిండి పులియబెట్టే చేస్తారు. వారికీ మనకూ ఎవరు చెప్పారో ఏమో, దారి మాత్రం ఒకటే దొరికింది.

పండుగ వంటలను రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. తొలి ఏకాదశికి జొన్నపేలాలు వేయించి బెల్లంతో దంచి పేలాలపిండి చేస్తారు. గింజలోని తేమ ఆవిరై గట్టి పెంకును లోపలినుండి పగలగొట్టడమే పేలడం. అందుకే బాగా ఎండిన ముసలి గింజ పేలదు. సద్దుల బతుకమ్మకు రొట్టెను బెల్లంతో నలిపి మలీద ముద్దలు చేస్తారు. కంకి పాలుపట్టినప్పుడు మంటమీద కాల్చి నలుపుకొని తినే ఊచబియ్యం రుచి చెబితే అర్థం కాదు, తినవలసిందే. సకినాలు, సర్వపిండి అందరికీ తెలిసినవే గాని అవి బియ్యప్పిండివి, కనుక ఈ వ్యాసంలో వాటికి చోటు లేదు.

ఒక్క మాట పక్కకు పోయి చెబుతాను. ఇంత మంచి జొన్నే లేతగా ఉన్నప్పుడు విషం. వానలేక వాడిన లేత జొన్నను, కోసినచోట మళ్ళీ చిగిర్చిన పిలకలను పశువు మేస్తే పొట్ట ఉబ్బి, ఊపిరాడక పడిపోతుంది. దీన్ని 'నాము' అంటారు. లేత ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలినప్పుడు దానినుండి హైడ్రోజన్ సయనైడు వెలువడుతుంది. నాము తగిలే రోజుల్లో ఆ చేను దిక్కు పశువును పోనీయవద్దని మా ఊళ్ళో పశువుల కాడి పిల్లవాడికి కూడా తెలుసు. సయనైడు అనే మాట మాత్రం నేను ఇంటర్మీడియట్‌లో చదివి ఇంటికి తీసుకుపోయాను.

అంకెల మాటకు వద్దాము. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఇనుము 4 మిల్లీగ్రాములు. తెల్లబియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు, ఇనుము 1 మిల్లీగ్రాము కూడా లేదు. పిండిపదార్థం జొన్నలో సుమారు 68, బియ్యంలో 78 గ్రాములు. చూశారుగా, పీచు, ఇనుములలో తేడా చాలా పెద్దది, పిండిపదార్థంలో అంత పెద్దది కాదు. కనుక "జొన్నరొట్టె తింటే షుగరు రాదు" అని నాలుగుకు బదులు ఆరు రొట్టెలు లాగించే మిత్రులకు నా మనవి: పిండిపదార్థం ఎక్కడున్నా పిండిపదార్థమే. పీచు వల్ల అది రక్తంలోకి నెమ్మదిగా పోతుంది, అంతే గాని మాయమైపోదు.

ఇప్పుడు నేను మొదట అన్న మాట. పాత తిండి అంతా అమృతం కాదు. పూర్వం దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి దొరకని బీదవారిలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. మెడచుట్టూ, చేతులమీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, ముదిరితే మతిభ్రమ. నయాసిన్ అనే విటమిను లోపం వల్ల వచ్చే జబ్బు ఇది. అమెరికాలో మొక్కజొన్న మీదనే బ్రతికిన పేదలకు వస్తుండగా, అది అంటువ్యాధి కాదని, తిండి లోపమేనని డాక్టర్ గోల్డ్‌బెర్గర్ 1915 ప్రాంతంలో నిరూపించాడు. మరి జొన్నలో నయాసిన్ మొక్కజొన్నలో వలె కట్టుబడి లేదే, జొన్న తినేవారికి ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదికింది మన హైదరాబాదులోనే. 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి తరలివచ్చిన ఆ పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఒక సంగతి ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండటం వల్ల ఒంట్లో నయాసిన్ తయారీ దెబ్బతింటున్నదని వారి సిద్ధాంతం. దీనిమీద తరువాత చర్చలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. కాని ఒక విషయంలో తగాదా లేదు. జొన్న ఒక్కటే తిన్నవాడికి జబ్బు వచ్చింది. జొన్నతోపాటు పప్పు, పాలు, ఆకుకూర దొరికినవాడికి రాలేదు.

ఆ కంది సాలు గుర్తుందా? జొన్నలో లైసిన్ తక్కువ, కందిపప్పులో ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. చేనులో పక్కపక్కన పెరిగినవి పళ్ళెంలో పక్కపక్కన ఉన్నంతకాలం ఫరవాలేదు. కరువొచ్చి కంది పోయి జొన్న ఒక్కటే మిగిలిననాడే ఆపద. దీన్ని గురించి మా నాయనమ్మను అడిగితే, "మా చిన్నప్పుడు కొందరికి మెడకు నల్లపట్టీ లెక్క అయ్యేది బిడ్డా, ఎండ దెబ్బ అనుకునేది" అన్నది. ఎండ కాదు, ఆకలి అని ఆవిడకు నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా అనిపించలేదు.

ఇటువంటి తిండి ఎందుకు పోయింది? ఒక్క కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను. 1964లో మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 విడుదలైంది, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలసింది, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అంటే ప్రపంచంలో జొన్నమీద పరిశోధన చేసే గొప్ప సంస్థలు రెండు మా ఊరికి ఒక్క పూట ప్రయాణంలో ఉన్నాయి. అయినా మా ఊళ్ళో జొన్న తగ్గింది! దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. ఎన్నో ఇళ్ళలో దినదినం బువ్వ వండటం అప్పుడే మొదలైంది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపునిండా తిన్న నాకు లేదు. తరువాత బోర్లు పడ్డాయి, చల్కలు కూడా వరిమళ్ళు, ద్రాక్షతోటలు, కూరగాయల తోటలు అయినాయి. ఆ తరువాత రింగురోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి. ఇప్పుడు చాలా చల్కల్లో పాతిన సరిహద్దు రాళ్ళే పంట.

ఇంట్లో మరొక కారణం ఉంది, దాన్ని వ్యాసాలు రాసేవాళ్ళు మరిచిపోతుంటారు. మా అమ్మ ఈ వ్యాసం సంగతి విని, "నీకేంది, రాసుడు అల్కగనే ఉంటది. దంచినోళ్ళకు తెలుస్తది" అన్నది. నలుగురికి గట్క కావాలంటే తెల్లవారకముందే లేచి దంచడం, చెరగడం, విసరడం. బియ్యం అయితే కడిగి పొయ్యిమీద పెడితే చాలు. రేషన్ బియ్యం వచ్చినప్పుడు సంతోషించింది ముందుగా ఆడవాళ్ళ భుజాలు. జొన్న మళ్ళీ రావాలని ఉపన్యాసం చెప్పేవారు గిర్ని ఎక్కడుందో కూడా చెప్పాలి. మా ఊరి గిర్నిలో ఇప్పుడు కారం, పసుపు పడతారు. జొన్నలు పట్టించాలంటే మేడ్చల్ పోవలసిందే.

బయటి నుండి వచ్చే రేషను ఒక జాతి తిండిని ఎంత మార్చగలదో చూడాలంటే మారిషస్ దీవిని చూడాలి. 1834 నుండి తోటల్లో చెరుకు నరకడానికి మన దేశం నుండి ఒప్పందం కూలీలను తీసుకుపోయారు. 1910 దశకం నాటికి నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్ళారు. మన గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవునుండి ఎక్కినవారు కాబట్టి తెలుగువారిని అక్కడ 'కోరంగులు' అన్నారు. ఒప్పందంలో కూలితోపాటు ఇంత బియ్యం, ఇంత పప్పు, నూనె, ఉప్పు, ఎండుచేప అని కొలత రాసి ఉండేది. ఆ దీవి నిండా చెరుకే, బియ్యం ఓడల్లో రావలసిందే. ఇక్కడ ఏ గింజ తిని వెళ్ళినా అక్కడ ఓడ దింపిన గింజే తిన్నారు. కాని చేతిలో ఉన్న విద్య మాత్రం మరువలేదు. దొరికిన బఠానీపప్పునే ఉడికించి పొడిచేసి రొట్టెలో కూరి కాల్చితే అది 'ధోల్ పూరీ' అయింది, ఈనాడు ఆ దేశమంతా తినే తిండి. మన పప్పువడ అక్కడ 'గాతో పిమాన్'. మునగాకు చారు కూడా ఉంది, దాన్ని 'బ్రెద్ మురుం' పులుసు అంటారు. ఉగాది అక్కడ సెలవు దినం. రేషను వారి గింజను మార్చింది, వంటను మార్చలేకపోయింది. మా దగ్గర దాదాపు దీనికి వ్యతిరేకం జరిగింది. గింజ మా చేనులో పండగలిగినదే, వంట మాత్రం మరిచిపోతున్నాము. మా చెల్లెలికి రొట్టె తట్టడం రాదు. నాకు అసలే రాదు.

రేషన్‌లోనే జొన్న ఇస్తే ఏమౌతుంది? ఇది కల కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూరులో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళా సంఘాలు 1990 దశకంలో బీడుపడ్డ చల్కలను దున్నించి, పండిన జొన్నలనే ఆ ఊరి బీదలకు తక్కువ ధరకు పంచే పద్ధతి నడిపాయి. 2013లో చేసిన ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల పేరు కూడా రాసి ఉంది. కర్ణాటకలో కొన్ని జిల్లాల్లో రేషన్‌లో జొన్నలు, రాగులు ఇస్తున్నారు. మన రాష్ట్రంలో 2025 ఉగాది నాడు మొదలుపెట్టింది సన్నబియ్యం, మనిషికి 6 కిలోలు. జనం సంతోషించారు, మా ఇంట్లోనూ సంతోషించాము. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపితే మన దగ్గర సభలు జరిగాయి, బిస్కట్లు పంచారు. మా ఊరి గిర్నికి మాత్రం ఏమీ జరగలేదు.

ధర లేక వేయడం లేదా అంటే, అదీ కాదు. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సంకర జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు, మామూలు వడ్లకు 2,369. కాని వడ్లు కొనడానికి ఊరి పక్కనే కేంద్రం తెరుస్తారు. రెండు బస్తాల జొన్నలను కొనేవాడిని మనమే వెదుక్కోవాలి.

మాకున్న మూడెకరాల్లో ఒక ఎకరం చల్క. నాయన రెండేళ్ళుగా దానిలో పునాస జొన్న వేస్తున్నాడు, నాయనమ్మ పట్టుపట్టడం వల్ల. విత్తనం ఆవిడదే. పచ్చజొన్న, గింజ పసుపుపచ్చగా ఉంటుంది. బూడిద, వేపాకు కలిపి కుండలో మూతికి పేడ అలికి దాచినది. మొదటి ఏడు నాలుగు బస్తాలు వచ్చాయి. పోయిన ఏడు రెండే. దానికి కారణం పిట్టలు. ఊరంతా జొన్న వేసిన కాలంలో పిట్టలు అన్ని చేన్లకు పంచుకొని తినేవి, ఎవడి వాటా వాడికి కొంచెమే పోయేది. ఇప్పుడు చుట్టూ ప్లాట్లు, నడుమ మాదొక్కటే చేను. చుట్టుపక్కల ఉన్న పిచ్చుకలు, చిలుకలు అన్నీ మా కంకుల మీదనే వాలుతాయి. మంచె వేసి వడిసెల పట్టుకొని పొద్దంతా కూర్చునే మనిషికి కూలి ఇస్తే ఆ జొన్నలు బాదంపప్పు ధర పడతాయి. నేను ఆదివారాలు మంచె ఎక్కి, ఒక చేతిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సు, మరో చేతిలో వడిసెలతో కాపలా కాశాను. పిట్టలకు ఆదివారం ఒక్కటే సెలవు కాదు కదా!

పైగా కోతల ముందు ముసురు పడితే కంకి బూజుపట్టి గింజ నల్లబడుతుంది. నల్లబడ్డదాన్ని ఎవరూ కొనరు.

వచ్చే మృగశిరకు జొన్న వేయాలా, ఆ ఎకరం కూడా పక్కవాళ్ళలాగా ఇచ్చేయాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. నాయన పిట్టల లెక్క చెబుతాడు, అమ్మ గిర్ని లెక్క చెబుతుంది. నాయనమ్మ ఏ లెక్కా చెప్పదు. కుండ మూత తీసి విత్తనం ఎండకు పోసి, మళ్ళీ ఎత్తి పెడుతుంది. జొన్న విత్తనం మామూలుగా దాస్తే ఏళ్ళ తరబడి మొలకశక్తి నిలుపుకోదు. ఒక రెండు మూడు పునాసలు వేయకపోతే కుండలో మిగిలేది తినడానికే పనికివస్తుంది. ఈ మధ్య సెలవుల్లో ఆ కుండలోని గింజలు వంద లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి చూశాను. నాలుగో రోజుకు ఎనభై ఆరు మొలిచాయి.